లింకులో రాసిన అడ్రసు ఎక్కణ్ణించి లెక్క?

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు ఆన్ ఆఫ్ చేసే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను, నీళ్ళల్లో ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్ తిరుగుద్ది, రైతు ఫోన్‌కి మెసేజ్ వెళ్తది. చెరువుగట్టు మీద షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై పెట్టి నడిపిస్తున్నాం. ఇన్నాళ్ళూ ఫైల్స్ చేత్తో కాపీ చేసేవాణ్ణి, చెరువులు పెరిగేసరికి ఓపిక లేక డెబ్ ప్యాకేజ్ (డెబియన్ లినక్స్‌లో ప్రోగ్రాం ఎక్కించే ఫైల్) కట్టాను. నా ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తే బ్రహ్మాండంగా నడిచింది, గట్టు మీదకి తీసుకెళ్ళి ఎక్కిస్తే ఫైల్ లేదంటది. ఫైళ్ళ పేర్లు చూపించే ఎల్ఎస్ కమాండ్ కొడితే పేరు కనపడతానే ఉంది, తెరవబోతే లేదు! మా బావ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, సిమ్‌లింకులన్నీ (ఇంకో ఫైల్‌కి దారి చూపే లింకులు) అబ్సల్యూట్ పెట్టు అన్నాడు. నాతో చదువుకున్న ఫ్రెండేమో ఎప్పుడూ రిలేటివే పెట్టాలంటాడు. ఎవరి మాట వినమంటారు? ఆ లింకు తాలూకు ఎల్ఎస్ లైను కూడా రాసి పంపుతున్నాను.

జవాబు: ముందు గట్టు మీద ఏం జరిగిందో చెప్పేస్తాను, మీ బావగారికీ ఫ్రెండుకీ పంచాయితీ తర్వాత చేద్దాం. మీరు పంపిన లైన్లో బాణం గుర్తు తర్వాత ఏం రాసుందో మళ్ళీ ఒకసారి చూడండి, /హోమ్ తో మొదలై మీ బిల్డ్ ఫోల్డర్ మీదుగా వెళ్ళి ఎక్కడో చివర యూఎస్ఆర్, షేర్, చెరువు అని ఉంది కదా. ఆ బిల్డ్ ఫోల్డర్ మీ ల్యాప్‌టాప్‌లో ఇంకా అలాగే ఉంది కాబట్టి అక్కడ లింకు పనిచేసింది. గట్టు మీద పెట్టెలో మీ హోమ్ ఫోల్డర్ ఎక్కణ్ణించి వస్తుందండీ. పెళ్ళికి శుభలేఖ వేయించి అందులో కళ్యాణమండపం అడ్రసుకి బదులు ప్రింటింగ్ ప్రెస్ అడ్రసు వేసినట్టయింది. ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు, ప్యాకేజీలు కట్టేవాళ్ళలో ఒక్కసారైనా చెయ్యనివాళ్ళు నాకు తగల్లేదు.

సిమ్‌లింక్ అంటే చాలామంది షార్ట్‌కట్ అనుకుని వదిలేస్తారు గానీ అది నిజానికి ఒక చీటీ, అంతే. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యునిక్స్‌తో వచ్చిన దగ్గర్నించీ ఇదే పద్ధతి, చీటీ మీద ఒక పాత్ రాసుంటుంది, ఇంకేమీ ఉండదు. లింకు పెట్టే ఎల్ఎన్ కమాండ్ కొట్టేటప్పుడు ఆ పాత్‌లో నిజంగా ఫైల్ ఉందా లేదా అని ఎవరూ చూడరు, మీరేం రాయమంటే అది రాసి ఊరుకుంటుంది. నమ్మకపోతే మీ మెషీన్‌లో ఎల్ఎస్ -ఎల్ కొట్టి /ఈటీసీ/లోకల్‌టైమ్ అనే ఫైల్ చూడండి. మన టైమ్‌జోన్ పెట్టుకున్న మెషీన్ అయితే అది /యూఎస్ఆర్/షేర్/జోన్‌ఇన్ఫో/ఏషియా/కోల్‌కతా కి లింకై ఉంటుంది, సైజు దగ్గర 32 అని ఉంటుంది. ఆ 32 టైమ్‌జోన్ ఫైల్ సైజు కాదండి, ఆ పాత్‌ని ఇంగ్లీషులో రాసి స్లాష్ గీతలతో (/) సహా ఒక్కొక్క అక్షరం లెక్కపెట్టుకోండి, సరిగ్గా 32 వస్తాయి. కొన్ని మెషీన్లలో 34 ఉంటుంది, అప్పుడు పాత్ ముందు రెండు చుక్కలు ఉన్నాయన్నమాట, అంటే అది రిలేటివ్ లింకు. సైజు చూసి లింకు జాతకం చెప్పడం నాకో సరదా, ఇంట్లోవాళ్ళకి మాత్రం విసుగు.

చీటీ చదివేది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. మొదటి అక్షరం గీత అయితే రూట్ (అన్ని ఫోల్డర్లకీ పైన ఉండేది) దగ్గర్నించి నడక మొదలెడుతుంది, అది అబ్సల్యూట్. గీత కాకపోతే చీటీ ఏ ఫోల్డర్లో ఉందో ఆ ఫోల్డర్ నుంచి మొదలెడుతుంది, ఇది రిలేటివ్. ఇక్కడ తప్పు పోయేది ఎక్కడంటే, చాలామంది తాము ఏ ఫోల్డర్లో నిలబడి కమాండ్ కొడుతున్నారో అక్కణ్ణించి లెక్క అనుకుంటారు. కాదండి. మీరు బయట నిలబడి బిన్ లోపల లింకు పెడుతూ దాంట్లో "లిబ్/ఫలానా" అని రాస్తే, రేపు కెర్నల్ వెతికేది బిన్ లోపల లిబ్ అనే ఫోల్డర్ కోసం, అది ఉండదు. "లాకులు దాటాక కుడిపక్క మూడో ఇల్లు" అని చీటీ రాసి గోడకి అంటించారనుకోండి, లెక్క చీటీ అంటించిన గోడ దగ్గర్నించి గానీ రాసినాయన ఆ రోజు ఎక్కడ కూర్చుని రాశాడో అక్కణ్ణించి కాదు.

మీది డెబ్ ప్యాకేజ్, ఎక్కించేది రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ మీద, అది డెబియన్ మీద కట్టిందే. డెబియన్ పాలసీలో దీనికి రూలుంది, 10.5 సెక్షన్. రూట్ కింద నేరుగా ఉండే యూఎస్ఆర్, వార్, ఈటీసీ లాంటివాటిని టాప్ లెవెల్ ఫోల్డర్లు అంటారు. లింకూ దాని టార్గెట్టూ ఒకే టాప్ లెవెల్ ఫోల్డర్ కింద ఉంటే రిలేటివ్, ఒక టాప్ లెవెల్ నుంచి ఇంకో టాప్ లెవెల్‌లోకి పోతుంటే అబ్సల్యూట్. అంటే మీ /యూఎస్ఆర్/బిన్/చెరువు అనే లింకు ../షేర్/చెరువు/ లో ఉన్న మెయిన్ ఫైల్‌కి పోవాలి, అది రిలేటివ్. /ఈటీసీ/చెరువు లోంచి /యూఎస్ఆర్/షేర్/చెరువు లోకి పోయే సెట్టింగ్స్ లింకు మాత్రం గీతతో మొదలుపెట్టి నిండు పాత్ రాయాలి. మీ బావగారు సగం రైటు, మీ ఫ్రెండు సగం రైటు, ఇద్దరికీ చెరో పూతరేకు పెట్టి పంపించెయ్యండి.

ఈ రూలు ఎవరో కూర్చుని సరదాకి పెట్టింది కాదు. మీ పై లో ఎస్‌డీ కార్డు చిన్నది, చెరువు రీడింగులు రోజంతా లాగ్ అవుతుంటాయి, ఆర్నెల్లకి కార్డు నిండుద్ది. అప్పుడు మీరు గానీ ఇంకొకాయన గానీ ఏం చేస్తారు, ఒక యూఎస్‌బీ డిస్క్ తగిలించి వార్ మొత్తం ఎత్తుకెళ్ళి /ఎంఎన్‌టీ/డిస్క్/వార్ లో పెట్టి, పాత చోట /వార్ అని ఒక లింకు పడేస్తారు. ఇప్పుడు /వార్/లిబ్/చెరువు లోపల పేజెస్ అనే లింకు ఉంది, దాంట్లో ../../../యూఎస్ఆర్/షేర్/చెరువు/పేజెస్ అని రాసుందనుకోండి. మూడు మెట్లు ఎక్కితే రూట్ రావాలని మీ లెక్క. కానీ రెండు చుక్కలంటే పేరుని బట్టి పై ఫోల్డర్ కాదు, ఆ ఫోల్డర్ నిజంగా ఎక్కడుందో దాని పై ఫోల్డర్. నిజంగా ఉన్నది డిస్క్ లోపల కాబట్టి మూడు మెట్లు ఎక్కితే తేలేది /ఎంఎన్‌టీ/డిస్క్ లో, అక్కడ యూఎస్ఆర్ అనేదే లేదు, లింకు గాల్లో. అదే అబ్సల్యూట్ రాసుంటే వార్ ఏ డిస్కుకి పోయినా లింకు చెక్కుచెదరదు. ఒకే టాప్ లెవెల్ లోపల ఉన్నవాటికి ఈ భయం లేదు, కాపురం మారితే మొగుడూ పెళ్ళాం కలిసే మారతారు కదా, మధ్యలో దూరం మారదు.

ఇంకో చిన్న సంగతి కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది, రిలేటివ్ రాసినప్పుడు ఎంత పొట్టిగా వీలైతే అంత పొట్టిగా రాయాలి. యూఎస్ఆర్ లోపల్నించి యూఎస్ఆర్ లోపలికే పోవడానికి రూట్ దాకా ఎక్కి మళ్ళీ దిగక్కర్లేదు, రావులపాలెం నుంచి కొత్తపేట వెళ్ళడానికి రాజమండ్రి వెళ్ళొచ్చినట్టుంటది.

మరి చేత్తో రాస్తే తప్పులు పోతాయి కదా అంటే, చేత్తో రాయొద్దు. డెబ్ ప్యాకేజీలు కట్టడానికి సాయపడే డెబ్‌హెల్పర్‌లో డీహెచ్_లింక్ అని ఒకటుంది. డెబియన్ ఫోల్డర్లో మీ ప్యాకేజ్ పేరుతో డాట్ లింక్స్ అనే ఫైల్ పెట్టి, ఒక్కో లైన్లో టార్గెట్ ఎక్కడ, లింకు ఎక్కడ అని రెండూ నిండు పాత్‌లు రాసెయ్యండి, ఏది రిలేటివ్ చెయ్యాలో ఏది అబ్సల్యూట్ ఉంచాలో అదే చూసుకుంటుంది, మీరు ముందే పెట్టుకున్న లింకులు రూలుకి పడకపోతే వాటినీ సరిచేస్తుంది. అది మీ బిల్డ్ ఫోల్డర్ పేరుని లింకులో రాయదు. మేక్‌ఫైల్‌లోనే చేసుకుంటానంటారా, ఎల్ఎన్ -ఎస్ తో పాటు -ఆర్ కూడా ఇవ్వండి, 2012లో వచ్చిన కోర్‌యుటిల్స్ 8.16 నుంచి ఉంది. అప్పుడు టార్గెట్టూ లింకూ రెండిటికీ బిల్డ్ ఫోల్డర్ పాత్ ముందు తగిలించి ఇచ్చినా పర్లేదు, రెండిటి మధ్య దూరం మాత్రమే కట్టి రాస్తుంది. ఒకదానికి తగిలించి ఇంకోదానికి మర్చిపోయారా, మళ్ళీ మొదటికొస్తారు.

పంపే ముందు డీపీకేజీ-డెబ్ -సీ కొట్టి ప్యాకేజ్ లోపల బాణం గుర్తులన్నీ ఒక చూపు చూడండి. బాణం తర్వాత /హోమ్ గానీ /టీఎంపీ గానీ కనపడిందా, గట్టు ఎక్కకండి. పనిచెయ్యకపోవడం ఒక్కటే కాదు, టీఎంపీలో ఎవరైనా ఫైల్ పెట్టొచ్చు, మీ ప్రోగ్రాం వాడి ఫైల్ చదువుద్ది.

ప్రశ్న: అమలాపురం నుంచి రాస్తున్నానండి. మీరు ఎప్పుడూ డెబియన్ రూలు చెప్తారు గానీ, ఎస్‌డీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టి పై కోసం ప్రోగ్రాం కంపైల్ చేద్దామంటే కార్డులో అబ్సల్యూట్ లింకులన్నీ నా ల్యాప్‌టాప్ లైబ్రరీలకే పోతున్నాయి, అవేమో ఇంటెల్‌వి. రూలు ప్రకారం ఉన్న లింకే నా ప్రాణం తీస్తుంటే రూలు ఎందుకండీ?

జవాబు: ఎటకారం బాగుందండి, ప్రశ్న కూడా న్యాయమైందే.

అబ్సల్యూట్ అంటే మారనిది అనుకుంటాం గానీ అది కూడా ఒక చోటు నుంచి లెక్కే, రూట్ నుంచి. ఎవరి రూట్ అన్నదే అసలు ప్రశ్న. మన కాలవల సంగతే చూడండి, కిలోమీటర్లు లెక్కేసేది హెడ్డు (కాలవ మొదలయ్యే చోటు) దగ్గర్నించి. కాలవ మీద పదో కిలోమీటరు దగ్గర కలుద్దాం అని చీటీ రాస్తే చాలా ఖచ్చితంగా ఉన్నట్టే ఉంటుంది. కానీ తూర్పు డెల్టాకి హెడ్డు ధవళేశ్వరం, మధ్య డెల్టాకి బొబ్బర్లంక, పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం. ఆ చీటీ మీ అమలాపురం వైపు ఆయన చదివితే ఒక చోటికి పోతాడు, తణుకు వైపు ఆయన చదివితే ఇంకో చోటికి పోతాడు, ఇద్దరూ చీటీలో ఉన్నట్టే వెళ్ళారు, ఇద్దరూ కలవరు. కార్డు పై లో ఉన్నప్పుడు గీత అంటే పై రూట్, అదే కార్డు ల్యాప్‌టాప్‌లో మౌంట్ చేస్తే గీత అంటే ల్యాప్‌టాప్ రూట్. చీటీ మారలేదు, చదివేవాడి హెడ్డు మారింది.

నాకు ఇందులో చేదు అనుభవం ఉంది, చెప్పుకోవడానికి సిగ్గు కూడాను. మండపేట వైపు ఒక రైస్ మిల్లులో బిల్లింగ్ మెషీన్ బూట్ అవ్వట్లేదంటే డిస్క్ ఊడదీసి ఇంటికి తెచ్చి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి /ఎంఎన్‌టీ లో మౌంట్ చేశాను. బిల్లింగ్ సెట్టింగ్స్ ఫైల్ ఈటీసీలో ఉంది, తెరిచాను, మార్చాను, సేవ్ చేశాను, డిస్క్ తీసుకెళ్ళి పెట్టాను, ఏం మారలేదు. మళ్ళీ తెచ్చాను, మళ్ళీ మార్చాను, మిల్లు గుమాస్తా రెండోసారి టీ ఇచ్చేటప్పుడు మొహం అదోలా పెట్టాడు. విషయం ఏంటంటే ఆ ఈటీసీలో ఉన్నది ఫైల్ కాదు, /వార్ లోకి పోయే అబ్సల్యూట్ లింకు, అదే బిల్లింగ్ ప్రోగ్రాం టెస్టింగ్ కోసం నా ల్యాప్‌టాప్‌లో కూడా ఉంది, నేను రెండుసార్లూ శ్రద్ధగా మార్చింది నా ల్యాప్‌టాప్‌లో ఫైల్‌ని! లింకు విరిగిపోయుంటే ఎర్రర్ వచ్చేది, అప్పుడే తెలిసేది. అబ్సల్యూట్ లింకుతో అసలు గొడవ ఇదే, తప్పు చోటికి వెళ్ళినప్పుడు కూడా అక్కడ ఒక ఫైల్ దొరికి ఊరుకుంటుంది. అప్పట్నించీ బయటి డిస్క్ మీద ఏం చెయ్యాలన్నా ముందు సీహెచ్‌రూట్ చేసి లోపలికి వెళ్ళాకే చేస్తాను, అప్పుడు గీత అంటే ఆ డిస్క్ రూటే అవుద్ది.

సీహెచ్‌రూట్ చేస్తే లోపలి ప్రోగ్రాములు పై ప్రాసెసర్‌వి కాబట్టి మీ ల్యాప్‌టాప్ మీద నేరుగా నడవవు, కంపైల్ కోసమైతే ఇంకో దారి: కార్డులో ఉన్న లిబ్, యూఎస్ఆర్ ఫోల్డర్లు ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ తీసుకుని, ఆ కాపీలో అబ్సల్యూట్ లింకులన్నిటినీ రిలేటివ్‌గా మార్చేసి, కంపైలర్‌కి సిస్‌రూట్ అని ఆ ఫోల్డర్ చూపించండి. కాపీలోనే మార్చండి, కార్డులో కాదు.

ఇక రూలు ఎందుకు అన్నారు. డెబియన్ వాళ్ళు రూలు రాసింది నడుస్తున్న మెషీన్లో ఫోల్డర్లు అటూ ఇటూ జరిపే అడ్మిన్‌ని దృష్టిలో పెట్టుకుని, మీ కష్టం బయటనించి కార్డుని చూసేవాడి కష్టం. రెండూ నిజమైన కష్టాలే, రెండిటికీ ఒకే లింకు సరిపోదు. ఉబుంటు చూడండి, డెబియన్ పిల్లే కదా, దాంట్లో /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్ ../రన్ లోకి పోయే రిలేటివ్ లింకు. ఒక టాప్ లెవెల్ నుంచి ఇంకోదానికి పోతోంది, రూలు ప్రకారం అబ్సల్యూట్ ఉండాలి, కానీ లేదు. /బిన్ అనే ఫోల్డరే ఇప్పుడు యూఎస్ఆర్/బిన్ కి రిలేటివ్ లింకు, ముందు గీత ఉండదు. ఎందుకంటే ఇమేజ్‌ని బయట ఎక్కడో మౌంట్ చేసి చూసినా అవి పనిచెయ్యాలి. ఫెడోరా వాళ్ళైతే ఇదే పెట్టాలని రూలే పెట్టలేదు, ప్యాకేజ్ కట్టేవాడి బుద్ధికి వదిలేశారు. నా మటుకు నేను డెబియన్‌కి పంపే ప్యాకేజ్ అయితే రూలు దాటను, ప్యాకేజీల్లో తప్పులు పట్టే లింటియన్ గొణుగుడు వినే ఓపిక లేదు. సొంత ఎస్‌డీ కార్డు ఇమేజ్ కట్టుకుని పది పెట్టెలకి పంచేదైతే అన్నీ రిలేటివే, ఎందుకంటే అక్కడ వార్‌ని ఎవడూ జరపడు, కార్డుని మాత్రం నెలకోసారి ల్యాప్‌టాప్‌లో పెడతాం.

ప్రశ్న: పాలకొల్లు నుంచండి. మా ప్యాకేజ్ పాత వెర్షన్‌లో /యూఎస్ఆర్/షేర్ కింద ఫాంట్స్ అని మామూలు ఫోల్డర్ ఉండేది, కొత్త వెర్షన్‌లో దాన్ని లింకు చేశాం. కొత్తగా ఎక్కించినవాళ్ళకి బాగానే ఉంది, అప్‌డేట్ చేసుకున్నవాళ్ళకి లింకు రావట్లేదు. అబ్సల్యూట్ పెట్టి చూశాం, రిలేటివ్ పెట్టి చూశాం, ఉహూఁ.

జవాబు: లింకులో తప్పేం లేదు, ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ కావాలనే అలా చేస్తుంది. ఫోల్డర్ ఉన్నచోట ఫోల్డర్‌కి పోయే లింకు పెట్టదు, లింకు ఉన్నచోట ఫోల్డర్ పెట్టదు, ఉన్నది ఉన్నట్టు వదిలేస్తుంది. పైన చెప్పిన వార్ కథ గుర్తుందా, అడ్మిన్ చోటు చాలక ఒక ఫోల్డర్ని వేరే డిస్కుకి జరిపి లింకు పెట్టుకుంటే, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా దాన్ని పీకేస్తే ఆయన ఊరుకుంటాడా. మీరు డీపీకేజీ-మెయింట్‌స్క్రిప్ట్-హెల్పర్‌లో డైర్_టు_సిమ్‌లింక్ వాడాలి. ప్యాకేజ్ ఎక్కించే ముందు, ఎక్కించాక, తీసేశాక నడిచే ప్రీఇన్‌స్ట్, పోస్ట్‌ఇన్‌స్ట్, పోస్ట్‌ఆర్‌ఎం మూడు స్క్రిప్టుల్లోనూ ఒకేలా పిలవాలి, ఒకదాంట్లో మర్చిపోతే సగం పని అయి ఆగుద్ది. డెబ్‌హెల్పర్ ఉంటే డాట్ మెయింట్‌స్క్రిప్ట్ ఫైల్లో ఒక్క లైను రాస్తే మూడిట్లోకీ అదే ఎక్కిస్తుంది. వెర్షన్ నంబర్ ఇచ్చేటప్పుడు జాగ్రత్త, ఏ వెర్షన్ దాకా పాత ఫోల్డర్ ఉండొచ్చో అది ఇవ్వాలి.

ప్రశ్న: యానాంలో డిగ్రీ చదువుతున్నాను సార్. ప్రాజెక్ట్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే లింకులన్నీ పోయాయి, ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అని వస్తోంది. సూడో పెట్టినా అదే.

జవాబు: సూడో కాదు గదా ఎవరొచ్చినా అంతే బాబూ, పెన్‌డ్రైవ్ ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉండుంటుంది, దాంట్లో సిమ్‌లింక్ అనే సరుకు పెట్టుకోవడానికి చోటే లేదు. ఫోల్డర్ మొత్తాన్ని ముందు టార్ ఫైల్ కట్టి ఆ ఒక్క ఫైల్ కాపీ చెయ్, లింకులు లోపల భద్రంగా ఉంటాయి. టార్ కట్టేటప్పుడు ఫైళ్ళ పేర్ల ముందు గీత ఉంటే తీసేస్తుంది, ఆ మెసేజ్ కూడా వస్తుంది, కానీ సిమ్‌లింక్ లోపల రాసిన గీత మాత్రం తియ్యదు. కాలేజీ ల్యాబ్‌లో విప్పాక ఫోల్డర్ లోపల ఫైండ్ కమాండ్‌కి -ఎక్స్‌టైప్ ఎల్ ఇచ్చి కొట్టు, విరిగిన లింకులు వరసగా చూపిస్తుంది, వాటిల్లో మీ ఇంటి కంప్యూటర్ హోమ్ ఫోల్డర్ పేరున్నవి ఎన్నో చూసి వైవాకి ముందే మార్చుకో.